లిన్నేయస్ చూచిన వింతపువ్వు

1742వ సంవత్సరములో మాగ్నస్ జియోబర్గ్ అను ఉప్సలా విశ్వవిద్యాలయ విద్యార్థి, స్టాక్‌హోమ్ నగరమునకు చేరువగా సముద్రములో చెదరియున్న చిన్న దీవులలో ఒకదానియందు మొక్కలను సేకరించుచు ఒక వింతను చూచెను. కాండమును, ఆకులను పట్టి చూడగా అది స్వీడన్ దేశమున ఎల్లరు ఎరిగిన లైనేరియా అను సామాన్యమైన కలుపుమొక్క. పూవును పట్టి చూడగా మాత్రము ఆ జాతికేగాక, తెలిసిన ఏ జాతికిని చేరునట్లు లేదు. యువకుడు దానిని ఎండబెట్టి తెచ్చి, వృక్షశాస్త్రమున ఆసక్తి గల ఒలోఫ్ సెల్సియస్‌కు చూపెను. ఉష్ణమాపకముతో లోకమున పేరు నిలుపుకొన్న ఆండర్స్ సెల్సియస్‌కు ఈయన పినతండ్రి. ఆయన దానిని అప్పటికి ఒక ఏడాది క్రిందటనే ఉప్సలాలో ఆచార్యపదవి పొందిన కార్ల్ లిన్నేయస్ చేతికి అందించెను.

లైనేరియా పువ్వును మన శ్రోతలలో పెక్కుమంది చూచియుండరు. శివపూజకు కోయు తుమ్మిపువ్వును తలచుకొన్నచో కొంత పోలిక దొరకును. తుమ్మిపువ్వుకు పై పెదవి వేరు, క్రింది పెదవి వేరు. నిలువుగా చీల్చినపుడే రెండు సమానభాగములగును. అడ్డముగా చీల్చిన కాదు. లైనేరియా కూడ అట్టిదే. పసుపుపచ్చని రెండు పెదవుల పూవు. క్రింది రేకుకు వెనుకప్రక్క ముల్లువలె సాగిన ఒక సన్నని తేనెగొట్టము. లోపల నాలుగు కేసరములు, రెండు పొడవు, రెండు పొట్టి. జియోబర్గ్ తెచ్చిన మొక్కలో పూవు నందివర్ధనమువలె ఎటు చూచినను ఒక్క తీరుగా ఉన్నది. ఐదు రేకులు సమానము, ఐదింటికి ఐదు తేనెగొట్టములు, ఐదు కేసరములు. తుమ్మిచెట్టున ఒకనాటి ఉదయము నందివర్ధనము పూచినచో మనకెట్లుండునో లిన్నేయస్‌కు అట్లుండెను.

ఎవరో కొంటెవాడు లైనేరియా కొమ్మకు వేరొక పూవును అతికించి తెచ్చినాడని ఆయన మొదట అనుమానించెను. పరీక్షించి చూడగా అతుకు కనబడలేదు. వేరుతో కూడిన బ్రతికిన మొక్కనే తెప్పించి చూచిన తరువాత అనుమానము పూర్తిగా తీరినది, ఆశ్చర్యము రెట్టింపైనది. 1744లో ఈ మొక్కపై ఒక వ్యాసమును వెలువరించి, దానికి పెలోరియా అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఆ మాటకు రాక్షసాకారము అని అర్థము. ఆవుకు తోడేలుతల గల దూడ పుట్టుట కంటె ఇది తక్కువ వింత కాదని ఆయన వ్రాసెను.

ఒక్క పూవునకై ఇంత కలవరమెందుకని అడుగవచ్చును. లిన్నేయస్ లోకమందలి మొక్కలనన్నింటిని కేసరముల సంఖ్యను, అమరికను బట్టి తరగతులుగా విభజించినవాడు. రెండు పొడవు, రెండు పొట్టి కేసరములు గల లైనేరియా ఒక తరగతి. ఐదు సమానకేసరములు గలవి పూర్తిగా మరియొక తరగతి. ఒకే మొక్క, తన ఆకు మార్చుకొనకుండ, తన వేరు మార్చుకొనకుండ, ఒక తరగతినుండి ఇంకొక తరగతికి గెంతినది. అంతకంటె లోతైన చిక్కు ఇంకొకటి కలదు. సృష్టికాలమున ఎన్ని జాతులు పుట్టినవో నేటికిని అన్నియే యని ఆయన నమ్మకము. పెలోరియా కొత్తజాతి యగునెడల ఆ నమ్మకమునకు బీట పడును. లైనేరియాకు ఏదో తెలియని మొక్క పుప్పొడి సోకి ఈ సంకరము పుట్టినదని ఆయన సమాధానము చెప్పుకొనెను. ఆ తెలియని మొక్క ఏదియో ఆయనకు గాని మరెవరికి గాని దొరకలేదు. తరువాతి జీవితములో జాతుల స్థిరత్వమును గూర్చిన పట్టుదలను ఆయన కొంత సడలించుకొన్నారనుటకు ఆయన గ్రంథములే సాక్ష్యము; ఆ సడలింపులో ఈ పూవునకు భాగము లేకపోలేదని మేము తలచెదము.

ఆ తరువాత పెలోరియా వృక్షశాస్త్రజ్ఞుల ఇంట చుట్టమైనది. జర్మన్ మహాకవి గెటే దానిని గూర్చి ఆలోచించెను. చార్లెస్ డార్విన్ దానికి దగ్గరి చుట్టమైన స్నాప్‌డ్రాగన్ మొక్కలో అటువంటి సమరూపపు పూవులనే తీసికొని మామూలు పూవులతో సంకరము చేసెను. మొదటి తరము పిల్లలన్నియు మామూలు పూవులే పూచినవి. ఆ పిల్లల విత్తనములనుండి మొలచిన 127 మొక్కలలో 88 మామూలువి, 37 సమరూపపువి, 2 ఈ రెంటికి నడుమనున్నవి. 1868లో అచ్చయిన గ్రంథమున డార్విన్ ఈ అంకెలు వ్రాసి ఊరకున్నాడు. అంతకు రెండేండ్ల క్రితమే, 1866లో, గ్రెగర్ మెండెల్ బఠాణీలలో ఇట్టి అంకెలనే లెక్కించి, మూడింటికి ఒకటి చొప్పున విడివడుటలోని అంతరార్థమును వెల్లడించియుండెను. మెండెల్ తెరచిన తలుపు ముందే డార్విన్ నిలిచియుండి తట్టలేదు. విజ్ఞానచరిత్రలో మాకు మిక్కిలి బాధ కలిగించు ఘట్టములలో ఇది ఒకటి.

1900లో మెండెల్ సూత్రములు మరల వెలుగులోనికి వచ్చినవి. 1909లో జొహాన్సెన్ అను డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు గుణవాహకమైన అంశమునకు జీన్ అని పేరు పెట్టెను. తెలుగున దానినే మనము జన్యువనుచున్నాము. తండ్రి బ్రతికిన బ్రతుకుతో బిడ్డకు సంబంధము లేదు, తండ్రి మోసిన జన్యువులతోనే సంబంధము. జిరాఫీ మెడ సాచి సాచి పిల్లలకు పొడుగు మెడ నిచ్చినదను లామార్క్ వాదము 1809 నాటిది; ఆ వాదము ఇక ముగిసినదని అందరు నిశ్చయించిరి. శరీరకణములు వేరు, బీజకణములు వేరు, శరీరమునకు కలిగిన అనుభవము బీజమునకు చేరదని జర్మనీలో వాయిస్‌మన్ అంతకు ముందే ఒక గోడ కట్టియుండెను. జంతువుల విషయమున ఆ గోడ చాలవరకు గట్టిదే.

మొక్కలు మాత్రము అప్పుడప్పుడు ఆ గోడమీద కూర్చుండి శాస్త్రజ్ఞులను వెక్కిరించుచుండెను. ఇంగ్లండులో మెండెల్ మతమునకు ప్రధానాచార్యుడనదగిన విలియం బేట్సన్‌కే ఇది తటస్థించినది. ఆయన జాన్ ఇన్నెస్ ఉద్యానపరిశోధన సంస్థకు తొలి అధ్యక్షుడు. మేలిరకపు బఠాణీ మడులలో సన్నని మొనదేలిన ఆకులతో, వంపుకాయలతో కొన్ని పిచ్చిమొక్కలు లేచుచుండెను. తోటవారు వాటిని పీకి పారవేయుచుండిరి. బేట్సన్, కారొలిన్ పెల్యూ అను విదుషీమణి కలిసి ఈ పిచ్చిమొక్కను మంచిమొక్కతో సంకరము చేసిరి. పిల్లలన్నియు పిచ్చివే యైనవి. మెండెల్ లెక్క ప్రకారము మనుమల తరములోనైన మంచివి తిరిగి రావలెను, ఒక్కటియు రాలేదు. పిచ్చిగుణము తన సహవాసముతో మంచిగుణమును గూడ శాశ్వతముగా మార్చివేసినట్లుండెను. 1915లో వారు ఈ సంగతిని ప్రకటించిరి. మెండెల్ కోసము అంతగా పోరాడిన బేట్సన్ తన లెక్కకు లొంగని ఈ బఠాణీని దాచిపెట్టకుండుట ఆయన గొప్పతనము.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అలెగ్జాండర్ బ్రింక్ మొక్కజొన్న గింజలలో ఇదే చోద్యమును చూచి 1956లో ప్రకటించెను. గింజకు ముదురు రంగునిచ్చు ఒక జన్యువు, చుక్కల గింజనిచ్చు జన్యువుతో ఒక్క తరము కలిసి కాపురము చేసి విడిపోయిన తరువాత, తన పూర్వపు రంగును కోల్పోయి వెలవెలపోయినది; తన సంతతికి ఆ వెలవెలపాటునే ఇచ్చినది. అక్కడ జన్యువు మారలేదు, దాని నడవడి మారినది. అంతకంటె తేటగా చెప్పుటకు ఆనాడు మాటలు లేవు.

ఇట్టి సాక్ష్యములు కొన్ని ఉండియు శాస్త్రలోకము వాటిని మూలకు నెట్టివేయుటకు ఒక కారణము విజ్ఞానమునకు వెలుపల, రష్యాలో ఉన్నది. దానిని చెప్పక ఈ కథ పూర్తి కాదు.

చలిదేశములలో గోధుమ రెండు విధములు. ఒకటి వసంతమున చల్లి వేసవిలో కోయునది. రెండవది శరత్కాలమున చల్లగా, మంచులో పడియుండి, చలికాలము గడచిన తరువాతనే వెన్ను తీయునది. ఈ రెండవ రకమును వసంతమున చల్లినచో ఆకు వేయును గాని గింజ పట్టదు. దానికి చలి తగులవలెను. నానబెట్టిన గింజలకు చలి తగిలించి వసంతమున చల్లినచో ఆ యేడే పంట వచ్చును. ఈ విషయము జర్మనీలో గాస్నర్ 1918 నాటికే చూపియుండెను. ట్రోఫిమ్ లైసెంకో అను యువకుడు 1929 ప్రాంతమున దీనిని తన గొప్ప ఆవిష్కరణగా చాటి, ఆకలితో అల్లాడుచున్న సోవియట్ రాజ్యమునకు అధికోత్పత్తిని వాగ్దానము చేసెను. అంతటితో ఆగక, చలి తగిలిన గోధుమ ఆ శిక్షణను తన విత్తనములకు గూడ ఇచ్చునని, క్రమముగా శీతకాలపు గోధుమను వసంతపు గోధుమగా మార్చవచ్చునని, జన్యువులనునవి బూర్జువాల కల్పనయని ప్రచారము సాగించెను. స్టాలిన్ చెవికి ఆ మాటలు ఇంపైనవి.

నికొలాయ్ వావిలోవ్ మొదట లైసెంకోకు చేయూతనిచ్చినవాడే. ఆయన ఐదు ఖండములు తిరిగి, పంటమొక్కల పుట్టిళ్లను గుర్తించి, లెనిన్‌గ్రాడ్‌లో ప్రపంచమున కెల్ల పెద్దదైన విత్తనభాండారమును కూర్చిన మహనీయుడు. లైసెంకో వాదము శాస్త్రము కాదని తెలిసిన తరువాత ఆయన తలవంచలేదు. 1940 ఆగస్టు 6న ఉక్రెయిన్ పశ్చిమభాగమున మొక్కలు సేకరించుచుండగా ఆయనను పట్టుకొనిపోయిరి. 1941లో మరణశిక్ష విధించి, పిదప దానిని 20 ఏండ్ల ఖైదుగా మార్చిరి. లోకమున ఎవరును ఆకలితో చావరాదని విత్తనములు పోగుచేసినవాడు 1943 జనవరి 26న సరాటోవ్ చెరసాలలో తిండి లేక కృశించి మరణించెను. అదే కాలమున లెనిన్‌గ్రాడ్ శత్రుసేనల ముట్టడిలో నుండెను. ఆయన సహచరులు బస్తాల నడుమ కూర్చుండి, గింజ నోట వేసికొనక, ఒక్కరొక్కరుగా ఆకలితో ప్రాణములు విడిచిరి. వారిలో డిమిత్రి ఇవానోవ్ వరి విత్తనముల సంరక్షకుడు. అన్నము విలువ తెలిసిన మన ఇండ్లలో ఈ సంగతి చెప్పి ముందుకు సాగుట కష్టము.

1948 ఆగస్టున మాస్కోలో జరిగిన వ్యవసాయశాస్త్ర మహాసభలో లైసెంకో వాదమునకు ప్రభుత్వముద్ర పడినది. జన్యుశాస్త్రము బోధనలనుండి తొలగింపబడినది. అనేకులు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. 1965లో గాని లైసెంకో పదవీచ్యుతుడు కాలేదు. ఈ పీడకల ఫలితముగా, అనుభవము తరతరములకు సంక్రమించునని పాశ్చాత్యదేశములలో ఎవరైన నోరు తెరచినచో పక్కనున్నవారు అనుమానముగా చూచుచుండిరి. బ్రింక్ మొక్కజొన్నలు అట్టి కాలములో పండినవి.

విచిత్రమేమనగా, చలిని గుర్తుంచుకొను విషయమున గోధుమ నిజముగానే గొప్ప జ్ఞాపకశక్తి గలది. దాని రహస్యము అరబిడాప్సిస్ అను ఆవాలజాతి చిన్నమొక్కలో తేలినది. పుష్పించుటను అడ్డగించు ఒక జన్యువును 1999లో రెండు పరిశోధకబృందములు వేరువేరుగా గుర్తించినవి. చలి వారములకొలది తగులగా, ఆ జన్యువు చుట్టుకొనియున్న ప్రోటీన్‌లపై కొన్ని రసాయనచిహ్నములు పడి, అది క్రమముగా నోరు మూసికొనును. వసంతము వచ్చినను మరల తెరువదు. కణము చీలి రెండైన, నాలుగైన, ప్రతి పిల్లకణమునకు ఆ మౌనము సంక్రమించును. కాబట్టియే మొక్క డిసెంబరు చలిని ఏప్రిల్‌లో గుర్తుంచుకొని పూయగలదు. అయితే విత్తనములోని పిండము రూపొందునపుడు ఆ చిహ్నములన్నియు చెరిపివేయబడును. బిడ్డమొక్క తన చలికాలమును తానే అనుభవింపవలెను. తల్లి చలి చాలునని అది మంచులోనే పూచినచో వంశమే నశించును గదా! లైసెంకో ఏ జ్ఞాపకము సంతతికి చేరునని లోకమును నమ్మించెనో, సరిగా ఆ జ్ఞాపకమునే ప్రకృతి తరతరమున తుడిచివేయుచున్నది.

మరి తుడువబడనివి ఉన్నవా? ఇచ్చట మరల లిన్నేయస్ పువ్వు వద్దకు రావలసియున్నది.

జన్యువులు డి.ఎన్.ఏ. అను పొడవైన అణువుపై నాలుగు అక్షరములతో వ్రాయబడిన వాక్యములని 1953 తరువాత అందరకు తెలిసినది. ఆ నాలుగక్షరములలో సైటొసిన్ అనునదొకటి. కొన్ని సైటొసిన్లకు మిథైల్ అను చిన్న రసాయనగుంపు బొట్టువలె అంటియుండునని, గోధుమలో అట్టి బొట్లు ఎక్కువని 1950 నాటికే వ్యాట్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. అక్షరము మారలేదు, దానిపై బొట్టు మాత్రమున్నది. దాని ప్రయోజనమేమో చాలకాలము ఎవరికిని బోధపడలేదు. 1975లో ఇంగ్లండునుండి హాలిడే, ప్యూ అను ఇద్దరు, అమెరికానుండి రిగ్స్ అనునతడు, ఒకరి సంగతి ఒకరెరుగక, ఒకే ఊహను ప్రకటించిరి: ఈ బొట్లు జన్యువును మూయుటకు, తెరచుటకు గుర్తులు కావచ్చును, కణము చీలునపుడు పాతపోగుపైనున్న బొట్లను చూచి కొత్తపోగుపై అవే చోట్ల బొట్లు పెట్టు సాధనము కణములో ఉండవచ్చును.

తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయు లేఖకుని తలచుకొనుడు. మూలములో ఎవరో ఒక పంక్తికి పైన చుక్కలు పెట్టి, ఇది చదువరాదని సూచించినారు. మంచి లేఖకుడు ఆ పంక్తిని వదలిపెట్టడు; పంక్తిని వ్రాయును, చుక్కలను గూడ వ్రాయును. వందవ ప్రతిలోను ఆ పంక్తి అక్షరము పొల్లుపోక ఉండును. వందవ పాఠకుడును దానిని చదువకయే దాటిపోవును. ఇట్లు అక్షరములను అంటకుండ వాటి పఠనమును శాసించు విద్యకు ఎపిజెనెటిక్స్ అని పేరు. ఆ మాటను 1942లో వాడిన వాడింగ్టన్ మనసులో ఇంత సూక్ష్మమైన అర్థము లేకున్నను, నేడది ఇట్లు స్థిరపడినది.

జాన్ ఇన్నెస్ సంస్థ 1967లో నార్విచ్ పట్టణమునకు తరలినది. అక్కడ ఎన్రికో కోయెన్ బృందము స్నాప్‌డ్రాగన్ పువ్వుకు రెండు పెదవుల రూపమునిచ్చు సైక్లోయిడియా అను జన్యువును గుర్తించి 1996లో ప్రకటించెను. ఆ జన్యువు మొగ్గ పైభాగమున పనిచేయును. పై రేకులను క్రింది రేకులనుండి వేరుపరచును. పైనున్న ఐదవ కేసరము పెరుగకుండ అణచును. అది పనిచేయనిచో రేకులన్నియు క్రింది రేకువలెనే తయారగును. లైనేరియాలో తేనెగొట్టము క్రింది రేకునకే కలదు గాన, అన్ని రేకులకు గొట్టములు వచ్చును. అణచువాడు లేని ఐదవ కేసరము లేచి నిలుచును. ఐదు గొట్టములు, ఐదు కేసరములు! లిన్నేయస్ లెక్కించిన లెక్కకు కారణము రెండు శతాబ్దముల పిదప ఇట్లు దొరకినది.

ఇక మిగిలినది ఒక్కటే. పెలోరియాలో ఆ జన్యువు ఎక్కడ చెడినదో, ఏ అక్షరము జారినదో చూపినచో పని ముగియును. పిలార్ క్యూబాస్, కోరల్ విన్సెంట్, కోయెన్ ముగ్గురును వెదకిరి. పూవును మార్చదగిన అక్షరదోషము దొరకలేదు. జన్యువు చెక్కుచెదరక యున్నది, కాని దానిపై మిథైల్ బొట్లు దట్టముగా కమ్మియున్నవి. జన్యువు మూగవోయినది. రేడియో పెట్టె చెడినదని లోపలి తీగలన్నియు విప్పి చూచినవానికి, చివరకు ధ్వని తగ్గించు మీట ఎవరో త్రిప్పినారని తెలిసినట్లయినది. ఈ మౌనము విత్తనముల ద్వారా పిల్లలకు చేరుచున్నదని, ఏ పిల్లకు బొట్లు చేరినవో ఆ పిల్లయే వింతపువ్వు పూచుచున్నదని వారు చూపిరి. అప్పుడప్పుడు అదే మొక్కపై ఒక కొమ్మ దారి మార్చి, రెండు పెదవుల పూతకు మరలుచుండెను. ఆ కొమ్మను పరీక్షింపగా బొట్లు సడలియుండెను, జన్యువు మరల మాటాడుచుండెను. 1999లో నేచర్ పత్రికలో ఈ ఫలితము వెలువడినది. జియోబర్గ్ దీవిలో వంగి మొక్కను కోసిన నాటికి ఇది 257 సంవత్సరములు. బేట్సన్ పిచ్చిబఠాణీలను చూచి విస్తుపోయిన సంస్థయే ఈ ముడి విప్పినదని మేము ప్రత్యేకముగా గుర్తుచేయుచున్నాము.

మొక్కలలోనే ఇది ఇంత తరచుగా కనబడుటకు హేతువు వాటి జీవనవిధానములోనే ఉన్నది. జంతువు పిండదశలోనే బీజకణములను వేరుగా దాచుకొనును. మనవంటి క్షీరదములలో బీజకణములు తయారగునపుడొకసారి, పిండము మొదలగునపుడు మరియొకసారి, బొట్లు చాలవరకు కడిగివేయబడును. మొక్కకు అట్టి ముందుచూపు లేదు. నిన్నటిదాక ఆకులు వేసిన కొనమొగ్గయే నేడు పూవు వేయును. ఆ పూవులోనే పుప్పొడి, అండము పుట్టును. ఎండను, వానను, పురుగును చూచిన కణముల సంతతియే విత్తనమగును. పైగా డి.ఎన్.ఏ. మీది బొట్లను పూర్తిగా కడుగు ఆచారము మొక్కలకు లేదు. వాయిస్‌మన్ గోడ మొక్కలలో కంచె మాత్రమే.

అసలు ఈ బొట్లు మొక్కకెందుకు? బార్బరా మక్లింటాక్ 1940లలో మొక్కజొన్న గింజల రంగులను చూచి, క్రోమోసోములలో ఒకచోటినుండి ఇంకొక చోటికి గెంతు దేశదిమ్మరి జన్యువులు కలవని చెప్పినపుడు నమ్మినవారు తక్కువ. 1983లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. ఈ దిమ్మరులు స్వేచ్ఛగా తిరిగినచో మంచిజన్యువుల మధ్య దూరి పాడుచేయును. వాటి నోళ్లు కట్టి కూర్చుండబెట్టుటయే మిథైల్ బొట్ల ముఖ్యమైన పని. ఏ చోట బొట్టు పెట్టవలెనో చూపు దూతలు ఆర్.ఎన్.ఏ. తునకలు; వాటిని మొక్కలలో హామిల్టన్, బాల్‌కూంబ్ అనువారు 1999లోనే, అదే నార్విచ్ పట్టణములో కనుగొనిరి. ఈ కాపలా ఒక్కొక్కసారి పొరపాటున పొరుగునున్న మంచిజన్యువు నోరు గూడ కట్టివేయును. అట్టి పొరపాటు విత్తనములోనికి జారినపుడు తరములపాటు నిలిచిపోవును.

ఎంతకాలము నిలుచును? 2009లో ఫ్రాన్సు మొదలైన దేశముల శాస్త్రజ్ఞులు అరబిడాప్సిస్‌లో అక్షరములు దాదాపు ఒకటే యై, బొట్ల అమరిక మాత్రము వేరువేరుగా నున్న వంశములను తయారుచేసి పెంచిరి. పూతకు వచ్చు కాలమందు, ఎత్తునందు వంశమునకు వంశమునకు భేదములు కనబడినవి. అవి కనీసము ఎనిమిది తరములు నిలిచినవి. ఇది చిన్న సంగతి కాదు. అయినను ఇందులో ఒక మెలకువ అవసరము. ఆ బొట్లు ఎండ తగిలియో, ఎరువు వేసియో వచ్చినవి కావు. బొట్లు నిలిపి ఉంచు యంత్రాంగము చెడిన మొక్కనుండి వచ్చినవి. కరవు, ఉప్పు, తెగులు సోకిన మొక్కల పిల్లలలో మార్పులు కనబడుచున్నమాట నిజమే. వాటిలో చాలవరకు ఒకటి రెండు తరములలో చల్లారిపోవుచున్నవి. తల్లి విత్తనములో నింపిన ఆహారమెంత, బొట్ల ప్రభావమెంత యని విడదీయుట కష్టము. వేల్స్ దేశమున డురంట్ అను శాస్త్రజ్ఞుడు నారకై పెంచు ఫ్లాక్స్ మొక్కలకు వేరువేరు ఎరువులు వేసి, వాటి వలన కలిగిన పెద్ద, చిన్న రూపములు తరతరములకు నిలిచినవని 1962లో చూపెను. లామార్క్ గెలిచినాడని సంబరపడదగిన ప్రయోగమే. పిమ్మట పరిశీలింపగా ఆ మొక్కలలో డి.ఎన్.ఏ. పరిమాణమే మారినది, అక్షరములే అటునిటు కదలినవి. కాబట్టి తరతరములకు నిలిచిన ప్రతి మార్పును బొట్ల పద్దులో వ్రాయుటయు తగదు.

పొలములో ఈ విద్య ఎంత నష్టము చేయగలదో, ఎంత మేలు చేయగలదో ఆయిల్ పామ్ చెప్పును. పెదవేగిలో జాతీయ పరిశోధనాసంస్థ వెలసియున్నందున, ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతముల శ్రోతలకు ఈ చెట్టు పరిచితమే. మలేషియాలో మంచి దిగుబడినిచ్చు చెట్లను ఎన్నుకొని, వాటి కణజాలమును సీసాలలో పెంచి, తల్లికి అచ్చుగుద్దిన పిల్లలను వేలకొలది తయారుచేయవచ్చునని ఆశపడిరి. ఆ పిల్లలు నాటిన కొన్నేండ్లకు కాపునకు వచ్చినవి; వాటిలో కొన్ని చెట్లకు గెలలనిండ గొంగళి కప్పుకొన్నట్లు అదనపు దళములతో వికృతమైన కాయలు పట్టినవి. నూనె పడిపోయినది. తల్లిది, పిల్లది డి.ఎన్.ఏ. ఒక్కటే. చెట్టు కాచువరకు ఏది మంచిదో, ఏది చెడ్డదో తెలియదు. తెలిసిన నాటికి రైతు భూమి, ఎరువు, ఏండ్లు ఖర్చయిపోయినవి.

2015లో మలేషియా పామాయిల్ బోర్డు శాస్త్రజ్ఞులు ఇతరదేశీయులతో కలిసి మూలము చూపిరి. పువ్వు రూపమును శాసించు ఒక జన్యువు నడుమ ఒక దిమ్మరి తిష్ఠవేసియున్నది. దాని పేరు కర్మ! మంచిచెట్టులో ఆ కర్మపై మిథైల్ బొట్లు నిండుగా ఉండి, దానిని కదలనీయవు. సీసాలో పెరుగునపుడు ఆ బొట్లు రాలిపోయినచో జన్యువు పఠనము మధ్యలో తెగి, కాయ వికృతమగును. బొట్లున్నదానిని మంచికర్మ యని, రాలినదానిని చెడుకర్మ యని వారు తమ వ్యాసములోనే వ్రాసికొనిరి. సంస్కృతపదమును అంత సార్థకముగా వాడిన శాస్త్రవ్యాసము మా కంట మరియొకటి పడలేదు. ఇది విత్తనము ద్వారా వచ్చిన వారసత్వము గాక కణమునుండి కణమునకు వచ్చినది. అయినను బొట్ల పని ఒక్కటే. ఇప్పుడు లేతమొలక ఆకునుండి చిన్న తునక తీసి, కర్మపై బొట్లున్నవో లేవో పరీక్షింపవచ్చును. చెడుకర్మ మొలకను నారుమడిలోనే ఏరివేసి, మిగిలినదానిని పొలమునకు పంపవచ్చును.